పదకొండుసార్లు పడ్డాను

"ఏమ్మే కార్తీ, ఆ ఇనప కాళ్ళేసుకుని ఇంట్లో నడవొద్దని నీకు ఎన్ని దినాలు చెప్పేది? ఆడకూతురు నడిస్తే నేలకు తెలియకూడదు."

మా అత్త బొమ్మక్క ఈ మాట అంటున్నప్పుడు నేను నడవడం లేదు. పెరటి మెట్టు మీద కూర్చుని చీపురుపుల్లతో షూ అడుగున మట్టి గీకుతున్నాను. అనడం ఆమెకు అలవాటు, వినడం నాకు అలవాటు. ఆదివారం రెండు జతలు శుభ్రం చేయాలి, నావీ మా ఆయనవీ. ఆయన షూ అడుగు చదునుగా ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే అయిపోతుంది. నా షూ అడుగున స్క్రూలతో బిగించిన చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని క్లీట్ అంటారు. రేసు సైకిలు పెడల్ మీద దాన్ని ఆనించి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. ఇక కాలు జారదు. విడిపించుకోవాలంటే పైకి లాగితే రాదు, మడమను బయటికి తిప్పాలి. ఈ పెడల్స్‌ని క్లిప్‌లెస్ అంటారు. పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నదానికి ఆ పేరేమిటని మొదట్లో నవ్వుకున్నాను. వెనకటికి తోలుపట్టీతో కాలు కట్టేసే క్లిప్పులు ఉండేవట, అవి పోయాయి కాబట్టి ఆ పేరట. మా దగ్గర మాత్రం అందరూ వీటినే క్లిప్ పెడల్స్ అంటారు.

తమిళసీమలో మా కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి. కరిసల్ అంటాం. వాన పడ్డ రోజు ఆ నేల మీద కాలు పెట్టామా, మట్టి బిళ్ళ సందుల్లోకి దూరి అరగంటలో ఇటుకలా గట్టిపడుతుంది. తర్వాత పెడల్‌ని ఎంత నొక్కినా పట్టదు. కాబట్టి ఆగేటప్పుడు తారు మీదో రాయి మీదో కాలు పెట్టాలి, జేబులో ఒక చీపురుపుల్ల ముక్క ఉంచుకోవాలి. ఈ సంగతి నేను చూసిన ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళల్లో కరిసల్ ఉండదు కదా. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి, ఆరేళ్ళ సరుకు. ఎవరైనా కూర్చోబెట్టి అడిగితే ఒక పూటంతా చెప్పగలను. ఒక్కసారి అలా నా నోటితో నేను చెప్పాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ తెలియదు. నలభై ఒక్క ఏళ్ళదాన్ని, కడలైమిఠాయి, అంటే వేరుసెనగ పట్టీల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్ని, నన్ను ఎవరు ఏమడుగుతారు? అక్కడ ఎనిమిది గంటలు నిలబడి పని. సూపర్‌వైజరుకని ఒక కుర్చీ ఉంది గానీ దాని మీద మేనేజరు ఫైళ్ళు పెట్టుకుంటాడు. ఏడేళ్ళుగా అవే ఫైళ్ళు.

మా ఆయన పేరు ఆనందరాజ్. మా నాయన అక్క కొడుకు, అంటే నాకు పుట్టినప్పటినుంచీ బావే. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టరు. మాట ఆయన చేతిలో పెట్టిన సుద్దముక్క లాంటిది, ఎక్కడ గీస్తే అక్కడ గీత పడుతుంది. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పాక రేసు సైకిలు కొన్నాడు, దానితోపాటు ఈ పెడల్సూ షూలూ కొన్నాడు. మొదటివారమే స్కూలు బస్సు ముందు, పిల్లలంతా చూస్తుండగా, కాలు రాక నిలువునా పక్కకి ఒరిగిపోయాడు. ఇంటికొచ్చి పెడల్స్ పీకేసి అటక మీద పడేశాడు. మన రోడ్లకి ఇవి పనికిరావని తీర్పు చెప్పేశాడు. ఆ రోజునుంచి ఈ రోజుదాకా ఆయన తొక్కేది మామూలు పెడల్స్. తప్పేం లేదు, మామూలు పెడల్స్ మీద మహా మహా దూరాలు తొక్కేవాళ్ళున్నారు. కానీ అది ఎక్కడా చెప్పుకోడు.

మరుసటేడు ఆయన కొత్త సైకిలు కొన్నప్పుడు పాతది నాకు వచ్చింది. నేను అటకెక్కి ఆ పెడల్స్ దించాను. షూ ఆయన కొలత, నాకు వదులు. రెండు జతల మేజోళ్ళు వేసుకున్నాను. కాంపౌండు గోడ పట్టుకుని వారం రోజులు ఎక్కడం, దిగడం, మడమ తిప్పడం, ఇదే పని. మొదటిసారి రెండు కాళ్ళూ పట్టుకున్నాక సాత్తూరు రోడ్డు మీద పడమటి గాలికి ఎదురు తొక్కాను చూడండి, ఆ పొద్దు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. పొద్దున్న నాలుగింటికి లేచింది మొదలు నా కాళ్ళు పొయ్యి దగ్గరికీ పంపు దగ్గరికీ అత్త మంచం దగ్గరికీ మిఠాయి బల్లల దగ్గరికీ ఎవరెవరి కోసమో తిరుగుతాయి. అక్కడ మాత్రం నా కోసం తిరిగాయి.

పడటమా, పడ్డాను. ఆరేళ్ళలో పదకొండుసార్లు. ఎప్పుడూ వేగంగా పోతూ పడలేదు. ఆగేటప్పుడే పడ్డాను, కాలు తీయడం మరిచిపోయి, నిలబడ్డ సైకిలుతో సహా. ఏడోసారి పడ్డప్పుడు అనుకుంటాను, నాకు ఒకటి తట్టింది. పడ్డ ప్రతిసారీ నా బుర్ర ఇంట్లో ఉంది. ఎట్టయపురం మలుపులో పడ్డ రోజు, పాలు దించానా లేదా అని ఆలోచిస్తున్నాను. బస్టాండు ముందు పడ్డ రోజు, "సంపాదించే ఆడదానికి నోరు పెరగతాది" అని ముందురోజు అత్త అన్నదానికి అప్పుడు జవాబు తయారు చేసుకుంటున్నాను. కాలు తిప్పడం కాలికి తెలుసు. దానికి గుర్తు చేయాల్సిన మనిషి అక్కడ లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?

ఇవన్నీ నేను రాసిపెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, రాయమన్నది మా ఆయనే. రెండోసారి పడి మోకాలు చీరుకుపోయి వచ్చినప్పుడు, డెట్టాలు పెట్టి కట్టు కట్టి, "ఎప్పుడు ఎట్ల పడినావో రాసిపెట్టు కార్తీ, లేదంటే మరిచిపోతావు" అన్నాడు. ఆ రోజు ఆయన చేతులు మెత్తగా ఉన్నాయి. అది కూడా రాశాను. మా వంటింట్లో గోడకి శివకాశి కేలెండరు ఉంటుంది, రోజుకో కాగితం చించేది. చించిన కాగితం వెనక తెల్లగా ఉంటుంది. తేదీ ఎటూ ముందువైపు ఉంది కాబట్టి వెనక విషయం రాస్తే సరిపోతుంది. అలా రాసి బిస్కెట్టు డబ్బాలో వేసేదాన్ని. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు, కానీ మాకు తెలుగు అక్షరాలు రావు. తమిళ అక్షరాలతో మా తెలుగు రాసుకుంటాం. కంపెనీలో ఎవరి చేతికైనా ఆ కాగితం దొరికితే అక్షరాలు చదవగలరు, అర్థం ఒక్క ముక్క తెలియదు. అత్తకి చదువు రాదు. ఊరు మొత్తంలో దాన్ని చదివి అర్థం చేసుకునే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ ఒక్కడు నా మనిషి అని నాకు భయం లేకుండా ఉండేది.

ఏం రాశానంటే, అన్నీ రాశాను. ఎడమ మోకాలు లోపలివైపు నొప్పి వచ్చిన మూడు నెలలు, బిళ్ళను ఏ రోజు ఎటువైపు ఎంత జరిపానో, చివరికి నా పాదం పుట్టుకతోనే బయటికి తిరిగి ఉంటుందనీ బిళ్ళను దానికి తగ్గట్టు బియ్యపుగింజంత తిప్పి పెట్టాలనీ కనుక్కోవడం. యాభై కిలోమీటర్లు దాటాక వేళ్ళు తిమ్మిరెక్కితే బిళ్ళను మడమ వైపు వెనక్కి జరపడం. కొత్తవాళ్ళు పెడల్ బిగింపు స్క్రూని పూర్తిగా వదులు చేసుకోవాలని. ఆగే చోట కాదు, పది బారల ముందే ఎడమకాలు తీసేయాలని. మన రోడ్ల మీద పక్కకి లాగేది ఎడమకే కదా.

బిళ్ళలు అరిగిపోవడం గురించి కూడా రాశాను. మా సైకిలు క్లబ్బులో ఇరవైమంది మగవాళ్ళు, నేనొక్కదాన్ని. క్లిప్ పెడల్స్ వాడేవాళ్ళకి ప్లాస్టిక్ బిళ్ళలు ఏడాది, ఏడాదిన్నర వచ్చేవి. నాకు నాలుగు నెలలు. "ఎనుము మాదిరి తొక్కుతుండాది" అని మా ఆయన అందరిముందూ అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. విరుదునగర్‌లో సైకిళ్ళు బాగుచేసే మారిసామి అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన నా బిళ్ళను వేలితో తడిమి, ఇది తొక్కితే అరిగింది కాదమ్మా, నడిస్తే అరిగింది అన్నాడు. సైకిలు దిగాక నువ్వు ఎక్కువ నడుస్తావా అని అడిగాడు. నేను చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ప్రతి మజిలీలోనూ వాళ్ళు దిగి గోడకి ఆనుకుని కూర్చుంటారు. మిఠాయి పంచేది నేను, సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చేది నేను, టీకొట్టుకి పోయి ఎవరికి చక్కెర వద్దో చెప్పి తెచ్చేది నేను. ఎవరూ చేయమని అనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. మారిసామే అడుగున చిన్న ఇనపబిళ్ళ, చుట్టూ రబ్బరు ఉండే షూకి మారమన్నాడు, దానితో నడవొచ్చు అని. మారాను. ఇప్పుడు బిళ్ళ రెండేళ్ళు వస్తోంది. నడక తగ్గలేదు.

ఇక తొమ్మిదోసారి పడటం. దాని గురించి చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మ పేచ్చియమ్మాళ్ విళాత్తికుళం పక్కన మా ఊళ్ళోనే ఉండేది. మూడేళ్ళ కిందట ఆయాసం వచ్చి పడుకుంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. వెళ్ళిన మూడోరోజు, శుక్రవారం, మా ఆయన ఫోను. ఆదివారం క్లబ్బు పెద్ద రైడు, బయటూళ్ళనుంచి కూడా వస్తున్నారు, ముప్పైమందికి మన ఇంట్లోనే భోజనం అని ముందే మాటిచ్చేశాను, ఇక్కడ మా అమ్మకేమో మోకాళ్ళ నొప్పి. "వచ్చి వండిపెట్టేసి సోమారం పో. ఒక్క రోజులో ఏమైపోతాది?" అన్నాడు. అమ్మ కూడా పొమ్మంది. అమ్మలు అలాగే అంటారు, ఆ మాట పట్టుకుని పోకూడదు. నేను పోయాను. ఆదివారం పొద్దున్న పెద్ద గిన్నెలో అన్నం పోసి నిమ్మకాయ సాదం కలుపుతుంటే ఫోను వచ్చింది. చెయ్యి కడుక్కుని తీసేలోపు రెండుసార్లు మోగి ఆగింది.

అమ్మ పోయిన నలభై రోజులకి మళ్ళీ సైకిలెక్కాను. విరుదునగర్ రైల్వే గేటు మూసి ఉంది. కార్లు, లారీలు, జనం. ఆగాను, కాలు తీయలేదు. చెట్టు కొట్టినట్టు ఎడమవైపు పడ్డాను. ఎవరో లేపబోతే వద్దన్నాను. గేటు తెరిచేదాకా అలాగే, సైకిలు కాళ్ళ మధ్య ఉండగానే, తారు మీద పడుకుని ఉన్నాను. ఆ రోజు కాగితం వెనక ఇలా రాశాను. "ఈపొద్దు విరుదునగర్ గేటుకాడ పడినాను. కాలు గుర్తులేదు. అమ్మ గుర్తొచ్చె. నిమ్మకాయ సాదం చేతికి అంటుకోని ఉండాది. బావ రమ్మనకుంటే అమ్మ తావనే ఉండేదాన్ని. గేటు తెరిసేదాకా లేవబుద్ది కాలేదు." అంతకంటే రాయలేదు.

పోయిన నెలలో ఒకరోజు సాయంత్రం మా ఆయన హుషారుగా వచ్చాడు. విరుదునగర్‌లో కొత్తగా ఆడవాళ్ళ సైకిలు క్లబ్బు పెట్టారట, నలభైమంది చేరారట. క్లిప్ పెడల్స్‌తో చాలా ఏళ్ళు తొక్కిన అనుభవం గురించి మన క్లబ్బునుంచి ఒకరిని వచ్చి మాట్లాడమన్నారట. క్లబ్బు సెక్రటరీ ఆయనే, ఫోన్లన్నీ ఆయనకే వస్తాయి. నా గుండె ఒక్కసారి ఎగిరింది. "నేను మాట్లాడతా, నువ్వు కూడా రా" అన్నాడు. ఎగిరింది దిగింది. పోనీలే అనుకున్నాను. మైకు పట్టుకోవడం ఆయనకి వచ్చు, ఆయన నోటితో అయినా నా సంగతులు నలభైమంది ఆడవాళ్ళకి చేరతాయి కదా. "నీ కాగితాలు ఒకసారి ఇయ్యి కార్తీ, నాలుగు పాయింట్లు చూసుకుంటా" అని అడిగాడు. డబ్బా మొత్తం ఇచ్చాను. ఆరేళ్ళలో ఆయన వాటిని అడగడం అదే మొదలు. రెండు రోజులు భోంచేశాక కూర్చుని చదివాడు. చదువుతున్నంతసేపూ నేను గిన్నెలు తోముతూ తలుపు సందులోంచి ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. ఆ తొమ్మిదో కాగితం చదివాక ఒక మాట అంటాడని. క్షమించమని కూడా కాదు, ఊరికే ఏదో ఒక మాట. ఏమీ అనలేదు. మగవాళ్ళకి మాట రాని చోట అలాగే ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ముందురోజు చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగాను. "బావా, ఇవి నావని చెప్తావు గదా?"

"చెప్పకుండా ఎట్ల ఉంటాను, పిచ్చిదానా" అన్నాడు.

ఆదివారం ఆయన క్లబ్బు అధ్యక్షుడు నాగరాజన్‌గారి కారులో వెళ్ళాడు, చొక్కా నలగకూడదని. మిఠాయి పెట్టెలు కూడా కారులో పంపాను. నేను యాభై కిలోమీటర్లూ తొక్కుకుంటూ వెళ్ళాను. సాత్తూరు దాటాక ఎదురుగాలి పెట్టింది. విరుదునగర్ చేరి, కల్యాణమండపం బయట సైకిలు ఆనించి, ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి ఆయన మాట్లాడటం మొదలైపోయింది. చివరి వరసలో కూర్చున్నాను. ముందు నలభై తలలు. పూలు పెట్టుకున్నవి, క్రాపు చేయించుకున్నవి, నెరిసినవి. వేదిక మీద స్టాండుకి బిగించిన రేసు సైకిలు ఒకటి ఉంది.

"ఈ ఆరేళ్ళలో నేను పదకొండుసార్లు పడ్డాను" అంటున్నాడు మా ఆయన తమిళంలో.

నాకు మొదట నవ్వొచ్చింది. నిజంగానే. నోరు జారాడు, ఇప్పుడే సర్దుకుని మా ఆవిడ అంటాడు అని ఎదురుచూశాను. అనలేదు. ఎట్టయపురం మలుపులో ఆయన పడ్డాడు. ఎడమ మోకాలు ఆయనకే నొప్పెట్టింది. బియ్యపుగింజంత ఆయనే తిప్పాడు. జేబులో చీపురుపుల్ల అన్నప్పుడు హాలంతా ఘొల్లుమంది. ఇంత అనుభవం ఉన్న మనిషి ఎంత సరదాగా చెప్తున్నాడో అన్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నా మాటలు బయట ఎంత బాగుంటాయో నాకు అప్పుడే తెలిసింది. ఆ సంతోషం కూడా నాకు మిగలకుండా ఒళ్ళంతా మండుతోంది. పడేది కాలు వల్ల కాదమ్మా, మనసు వేరే చోట ఉండటం వల్ల అన్నాడు. అది ఏడో కాగితం. నా ముందు కూర్చున్న అమ్మాయి దాన్ని పుస్తకంలో రాసుకుని కింద గీత గీసుకుంది. మొత్తం మీద నా ఊసు ఒక్కసారే వచ్చింది. మా ఆవిడ కూడా తొక్కుతుంది, నాలుగు నెలలకో జత బిళ్ళలు తినేస్తుంది అని. దానికీ నవ్వారు.

తర్వాత గొంతు తగ్గించాడు. క్లాసులో పిల్లలు అల్లరి చేస్తే తగ్గిస్తాడే, అలా. "ఇదే మీ విరుదునగర్ గేటు దగ్గర ఒకసారి పడ్డాను. కాలు గుర్తులేదు. అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయి అప్పటికి నలభై రోజులు. లేవబుద్ధి కాలేదు. గేటు తెరిచేదాకా అలాగే పడుకుని ఉన్నాను" అన్నాడు.

ఒకావిడ పమిటతో కళ్ళొత్తుకుంది.

అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టు అని సామెత ఉంది. ఈయన అత్త చావునే ధారపోశాడు. ఆ కాగితంలో ఆరు వాక్యాలుంటే అందులో ఒకటి ఆయన గురించి. బావ రమ్మనకుంటే అని. ఆ వాక్యాన్ని జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టాడు. తనని తీసేసుకుని మా అమ్మను మాత్రం తీసుకున్నాడు. అంటే చదివాడు, అర్థం చేసుకున్నాడు, ఏది తనకి తగులుతుందో తెలుసుకున్నాడు. ఆ రెండు రాత్రులూ నేను తలుపు సందులోంచి వెతికింది ఆయన ముఖంలో పశ్చాత్తాపాన్ని. ఆయన వెతుక్కుంటున్నది పాయింట్లని. మోకాలు తీసుకున్నా ఊరుకునేదాన్నేమో. ఊరుకునేదాన్నే, అబద్ధమెందుకు, ఎన్నిటికి ఊరుకోలేదు. ముందు వరసలో నాగరాజన్‌గారి తల వెనక నుంచి కనిపిస్తోంది. మా ఇంటికొచ్చినప్పుడల్లా మా అత్తకి నమస్కారం పెట్టి ఆమె మోకాళ్ళ సంగతి అడిగే మనిషి. అమ్మ పోయి నలభై రోజులు అన్నప్పుడు ఆయన తల ఒక్క క్షణం కిందికి దిగింది. తర్వాత అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. మా అమ్మ పోయిన రోజు నేను కలిపిన నిమ్మకాయ సాదం తిన్న ముప్పైమందిలో ఆయనొకడు.

చప్పట్లు అవుతుండగా ఒకామె మంచినీళ్ళ సీసాతో నా పక్కకి వచ్చి కూర్చుంది. తన పేరు జెయంతి అనీ, ఈ క్లబ్బు మొదలుపెట్టింది తనేననీ చెప్పింది. నా షూ చూసి గుర్తుపట్టిందట. "మేం అడిగింది మిమ్మల్నే అక్కా. మారిసామి అన్న చెప్పాడు, ఈ చుట్టుపక్కల ఇన్నేళ్ళు క్లిప్‌తో తొక్కిన ఆడమనిషి మీరొక్కరేనని. మీ నెంబరు దొరక్క సార్‌కి చేశాను. మీకు మైకంటే వణుకనీ, ఎంత బతిమాలినా ఒప్పుకోలేదనీ సార్ అన్నారు. పోనీలెండి, మీరు కనీసం వచ్చారు" అంది మెల్లగా.

నేను నీళ్ళు తాగాను. అడిగారట. నన్ను, పేరు పెట్టి, అడిగారట. నేను ఆరేళ్ళుగా ఎవరైనా అడగాలని కాచుకుని ఉంటే, అడిగినప్పుడు నా బదులు కాదని చెప్పింది నా మనిషి. బతిమాలాడట. ఆ సాయంత్రం ఆయన వచ్చిన హుషారు గుర్తొచ్చింది. నాకు ఏ రోజూ మైకు చూపించకుండానే నాకు మైకంటే వణుకని ఎలా తెలిసిందో ఈయనకి.

ఇంతలో ముందువరసలో ఒక పిల్ల లేచింది, కాలేజీ పిల్లలా ఉంది. సార్, స్టాండు మీద సైకిలు ఉంది కదా, ఒకసారి ఎక్కి, కాలు పెట్టడం తీయడం చూపించండి అని అడిగింది. మా ఆయన నవ్వాడు. తేలు కుట్టిన దొంగ నవ్వు ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. ఈ రోజు కారులో వచ్చాను, షూ తేలేదు అన్నాడు. అని హాలంతా వెతికి నన్ను పట్టుకున్నాడు. "అదిగో మా ఆవిడ ఉంది. తను చేసి చూపిస్తుంది, నేను వివరిస్తాను. కార్తీ, రా" అన్నాడు. మళ్ళీ మా భాషలో, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, నా ఒక్కదానికే అర్థమయ్యేట్టు, "ఊరికే చేసి చూపించు సాలు" అన్నాడు.

కాళ్ళు నావి, నోరు ఆయనది. పెళ్ళయినప్పటినుంచీ ఇదే ఏర్పాటు, ఈ రోజు కొత్తగా ఏమీ చేయలేదు. నలభైమంది ముందు దాన్ని వేదిక ఎక్కించాడు, అంతే.

లేచాను. నడిచి వేదిక ఎక్కాను. సైకిలు మీద కూర్చుని కుడికాలు పెట్టాను, పట్టుకుంది. ఎడమకాలు పెట్టాను, పట్టుకుంది. చూడండి, మునివేళ్ళు ముందు దించాలి, తర్వాత మడమతో నొక్కాలి అంటున్నాడు మైకులో. కొంచెం తొక్కి ఆపాను. ఇప్పుడు మడమ బయటికి అన్నాడు. తిప్పాను, వచ్చేసింది. ముందు కూర్చున్నవాళ్ళు మెడలు సాచి నా పాదాలనే చూస్తున్నారు. ఎవరూ నా ముఖం చూడటం లేదు. ఇలా దిగిపోయి, మిఠాయి పంచేసి, సాయంత్రానికి ఇల్లు చేరి, రాత్రికి ఉప్మా చేయవచ్చు. ఆయన రెండు రోజులు బుజ్జగిస్తాడు. మూడోరోజు, ఏదో మాటవరసకి అన్నదాన్ని పట్టుకున్నావే అంటాడు. నాలుగోరోజుకి తప్పు నాది అవుతుంది. అంతా నాకు తెలుసు, ఇరవై ఏళ్ళ దారి అది, కళ్ళు మూసుకుని పోగలను. ఆ దారిలో అమ్మ కూడా ఆయనది అయిపోతుంది. ఎవరైనా ఎప్పుడైనా విరుదునగర్ గేటు దగ్గర ఆగితే, పాపం ఆ సార్ వాళ్ళమ్మ గుర్తొచ్చి ఇక్కడే పడ్డారట అనుకుంటారు.

సైకిలు దిగాను. ఆయన ముందు నిలబడి చెయ్యి చాపాను. ఆయనకి అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. "వద్దు కార్తీ" అన్నాడు మా భాషలో. అందరూ చూస్తున్నారు కాబట్టి మైకు ఇవ్వక తప్పలేదు. అది ఆయన అరచేతి చెమటతో తడిగా ఉంది. తుడిచి నోటి దగ్గర పెట్టుకున్నాను. అందరికీ అర్థం కావాలని తమిళంలోనే చెప్పాను.

"నా పేరు కార్తీశ్వరి. గేటు దగ్గర పడ్డది నేను. పోయింది మా అమ్మ పేచ్చియమ్మాళ్. సారు వాళ్ళమ్మ ఇంట్లో బాగానే ఉంది, పొద్దున్న నేను పోసిన దోసెలు నాలుగు తిని మాత్ర వేసుకుంది. మీరు ఇప్పటిదాకా రాసుకున్నది ఉండనివ్వండి, పైన పేరు మాత్రం మార్చుకోండి. ఆయన వదిలేసిన వాక్యం ఒకటుంది, అక్కడినుంచి చెప్తాను."